ఒక్క సాయంత్రపు చదువు

"సావనీరుకి ఏదైనా వ్రాసి పెట్టండి మాస్టారూ" అని యూనియన్ కుర్రాళ్ళు నలుగురు మా డిపార్టుమెంటుకి వచ్చారు. దేని మీద వ్రాయమంటారని అడిగితే మీ ఇష్టం అన్నారు. "అయితే మోటారు సైకిలు నేర్చుకోవడం మీద వ్రాస్తాను" అన్నాను. ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. పక్కవాడు వాడి డొక్కలో పొడిచి, "మంచి సబ్జెక్టు సార్" అన్నాడు మర్యాదకి. నవ్వినవాడి చేతిలో బండి తాళం ఉంది. హెల్మెట్ లేదు.

నవ్వడంలో వాడి తప్పేమీ లేదు. మోటారు సైకిలు నేర్చుకోవడం ఒక చదువని మనలో ఎవరూ అనుకోం. ఈత నేర్పడానికి మనిషి కావాలంటాం, టైపుకి ఇన్‌స్టిట్యూట్ ఉండేది, వీణకి గురువు కావాలి. కారుకైనా డ్రైవింగు స్కూలంటూ ఒకటి ఉంది. మోటారు సైకిలుకి మాత్రం ఒక స్నేహితుడు, ఒక సాయంత్రం, ఒక ఖాళీ రోడ్డు చాలు! క్లచ్ ఇది, గేరు ఇది, మెల్లిగా వదులు... అంతే, పాఠం అయిపోయింది. మర్నాటి నుంచీ వాడు రోడ్డు మీద ఉంటాడు.

నేనూ అలాగే నేర్చుకున్నాను. అందుకే ఈ వ్యాసం.

మాది సాలూరు. వేగావతి ఒడ్డున ఉన్న చిన్న పట్నం. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అంటున్నారు గాని, 2022కి ముందు విజయనగరం జిల్లా, 1979కి ముందు శ్రీకాకుళం జిల్లా. జిల్లాలు మారినా ఊరి గుర్తు మారలేదు – లారీలు. బాడీ కట్టే షెడ్లు, పట్టీలు సాగదీసే కొలుములు, టైర్ల దుకాణాలు, లారీల వెనుక తామరపువ్వులూ చిలకలూ వేసే పెయింటర్లు, వీటి మధ్యనే మేము పెరిగాం. విజయనగరం నుంచి రాయపూర్ పోయే జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. అప్పట్లో దాని నంబరు 43, ఇప్పుడు 26. ఊరు దాటి పి.కోనవలస మీదుగా పోతే ఘాటు రోడ్డు, పైన సుంకి, అక్కడి నుంచి ఒడిశా. అంటే మా ఊరి లారీ డ్రైవరు ఇల్లు విడిచిన గంటలోపే కొండ ఎక్కడం మొదలుపెడతాడన్నమాట.

అటువంటి ఊళ్ళో లారీ నేర్చుకోవడం ఎలా ఉండేదో చెప్పాలి. పదిహేను పదహారేళ్ళ కుర్రాణ్ణి క్లీనరుగా పెట్టుకునేవారు. బండి కడగడం, నీళ్ళు పొయ్యడం, టైర్లు తట్టి చూడడం, ఘాటులో బండి ఆగితే పరుగెత్తి చక్రం కింద దిమ్మ పెట్టడం. ఎడం పక్క కూర్చుని "రైట్ రైట్", "హోల్డాన్" అని అరవడమే వాడికి ఒక బడి. ఎదురుబండి ఎంత దూరంలో ఉంది, మన బండి వెనుక కొస ఎక్కడుంది, ఇవన్నీ స్టీరింగు ముట్టుకోకుండానే వాడి కంటికి పట్టుబడేవి. రెండు మూడేళ్ళకి షెడ్డులో వెనక్కీ ముందుకీ తియ్యనిచ్చేవారు. ఆ తర్వాత చదును రోడ్డు మీద ఖాళీ బండి. లోడుతో ఘాటు దిగడం అన్నిటికన్నా ఆఖరు పాఠం. ఈ పద్ధతి గొప్పదని నేననను. ఆ పిల్లలు బడి మానేసి పడిన పాట్లు, తిన్న తిట్లు నాకు తెలుసు. వయసు రాకుండానే స్టీరింగు పట్టినవాళ్ళూ ఉన్నారు. కాని ఒక్క సంగతి మాత్రం గమనించండి: బండిని కదిలించడానికి ముందు ఆపడం గురించి ఆలోచించడం అలవాటు చేసే చదువది.

అదే లారీ షెడ్ల వెనుక ఖాళీ స్థలంలో, 1986 వేసవి సెలవుల్లో, నేను ఒక్క సాయంత్రంలో రాజ్‌దూత్ నేర్చుకున్నాను. బండి నా స్నేహితుడి అన్నగారిది. 175 సీసీ, టూ స్ట్రోకు, పెట్రోలులో ఆయిలు కలిపి పొయ్యాలి. అప్పటికి ఏడాది ముందే హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 మార్కెట్టులోకి వచ్చినా, మా ఊళ్ళో కనబడేవి ఎక్కువగా రాజ్‌దూత్‌లు, ఎజ్డీలు, ఒకటీ అరా బుల్లెట్లే. వీటిలో ఇంకో తిరకాసు ఉండేది. ఎజ్డీకి కిక్కు రాడ్డునే మడిస్తే గేరు రాడ్డు అవుతుంది. బుల్లెట్‌కి గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి. ఒక బండి మీద నేర్చుకున్న కాలు ఇంకో బండి మీద పనికిరాదు. తీరిగ్గా ఉన్నప్పుడు ఫరవాలేదు గాని కంగారులో కాలు పాత అలవాటుకే పోతుంది, బ్రేకనుకుని గేరు తొక్కుతుంది. ఈ తరం వాళ్ళకి ఆ బాధ తప్పింది. ఇప్పుడు గేర్ల బళ్ళన్నిటికీ గేరు ఎడం పక్కే.

మూడో రోజున నేను రామభద్రపురం రోడ్డు ఎక్కాను. వెనుక నా స్నేహితుడు. నాకు పద్దెనిమిదేళ్ళు, వాడికీ అంతే. గాలి మొహానికి కొడుతుంటే ఈ లోకంలో నాకన్నా మొనగాడు లేడనిపించింది. దాచుకోవడం ఎందుకు, అది నిజంగానే ఆనందం. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఇంతలో చింతచెట్ల వెనుక నుంచి ఒక పెయ్య తోకెత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది. కుడికాలితో ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. వెనుక చక్రం బిగుసుకుపోయింది, బండి పక్కకి తిరిగింది, జారింది. పెయ్య వెళ్ళిపోయింది. నేను మోచేతులూ మోకాళ్ళూ చెక్కుకుపోయి లేచాను. వాడు లేవలేదు. కాలు కిలోమీటరు రాయికి కొట్టుకుని మోకాలి కింద విరిగింది.

వాడు ఆ ఏడాది సైన్యంలో చేరాలనుకున్నవాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వేగావతి ఇసకలో పరుగెత్తేవాడు. మా ప్రాంతపు కుర్రాళ్ళకి సైన్యం అంటే ఏమిటో ఇక్కడ చదివేవారిలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. ఎముక అతుక్కుంది గాని కాలు కాస్త పొట్టి అయింది. పరుగు అక్కడితో సరి. ఇప్పుడు సాలూరులో స్పేరుపార్టుల దుకాణం నడుపుతున్నాడు. ఈ దాదాపు నలభయ్యేళ్ళలో ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

చేతిలో ముందు బ్రేకు ఉండగా నేనెందుకు పట్టలేదు? పట్టకూడదని నాకు నేర్పారు గనక! "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్" – నాకు చెప్పిన మొదటి పాఠం ఇదే. మీకూ ఇదే చెప్పి ఉంటారు. ఇప్పుడీ వ్యాసం చదువుతున్నవారిలో సగంమంది ముందు బ్రేకుని అలంకారానికి ఉంచుకున్నవారే అని నా అనుమానం.

ఈ పాఠం తప్పు. ఎందుకు తప్పో తెలుసుకోవడానికి ఆర్టీసీ బస్సు ఎక్కితే చాలు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళందరూ ఏ పక్కకి ఒరుగుతారు? ముందుకి. మోటారు సైకిలు మీదా అంతే. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వెళ్ళి దాన్ని నేలకి అదుముతుంది. వెనుక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని బిగిస్తే అది రోడ్డుని పట్టుకోలేదు, జారుతుంది. అంటే బండిని ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. మనం ఆ వాటాని వదిలేసుకుని, జారే చక్రాన్ని నమ్ముకుంటున్నాం.

సైన్సు విద్యార్థులు నోటుబుక్కు వెనుక పేజీ మీద ఈ లెక్క వేసుకోవచ్చు. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు. ప్రమాదం కనబడి చెయ్యీ కాలూ కదలడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ లోపలే దాదాపు 17 మీటర్లు పోయాం. రెండు బ్రేకులూ సరిగా పడితే సెకను సెకనుకీ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకోండి, ఇంకో 28 మీటర్లు. వెనుక బ్రేకు ఒక్కటే అయితే, 3 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, 46 మీటర్లు. తేడా 18 మీటర్లు! ఆ పెయ్యకీ నాకూ మధ్య అంత దూరం లేదు. అదే 30 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులతో 7 మీటర్లలో బండి ఆగుతుంది. వేగం రెట్టింపయితే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఈ సూత్రం ఇంటర్మీడియట్ పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్న కుర్రాడే బండెక్కగానే దాన్ని మరిచిపోతాడు.

మరి పల్టీ కొట్టినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. మలుపులో బండి వాలి ఉన్నప్పుడు, ఇసక మీద, తడిసిన పేడ మీద, ఒక్కసారిగా గుంజి పట్టినవాళ్ళు. మా వైపు రోడ్ల మీద చోళ్ళూ ఉలవలూ నూర్చడానికి పరుస్తారు, లారీ చక్రాలకి గింజ రాలుతుందని. దాని మీద ముందు బ్రేకు పట్టినా వెనుక బ్రేకు తొక్కినా ఒకటే, పడతాం. అక్కడికి చేరేలోపే వేగం తగ్గాలి. ముందు బ్రేకుని నిమ్మకాయ పిండినట్టు పట్టాలి గాని తాడు గుంజినట్టు కాదు. ఇది చేతికి రావడానికి సాధన కావాలి. సాధన చెయ్యించే ఓపిక లేక "ముట్టుకోకు" అనేశారు మన గురువులు.

ఈ మాట నా సొంత పైత్యం కాదనడానికి ఒక సాక్ష్యం. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే బళ్ళలో 125 సీసీ దాటినవాటికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, అంతకు తక్కువవాటికి వెనుక బ్రేకు నొక్కితే ముందుది కూడా కొంత పడే సీబీఎస్ ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. రెండో దాని భావం ఏమిటి? మనం ముందు బ్రేకు పట్టం గనక బండే పట్టుకోవాలని! మనం నేర్పని పాఠాన్ని ఇనుముకి నేర్పారు. మంచిదే. కాని మన కాలేజీ స్టాండులో అంతకు ముందు కాలం బళ్ళు, అన్నలూ బాబాయిలూ వాడి వదిలేసినవి, ఇంకా ఉన్నాయి.

లైసెన్సు ఉంది కదా అంటారేమో. నేను లైసెన్సు తీసుకున్న రోజు నాతో ఎనిమిది అంకె వేయించారు. కాళ్ళు నేలకి ఆనించకుండా వేశాను, ఇచ్చేశారు. ఎనిమిది వెయ్యడం బ్యాలెన్సుకి మంచి పరీక్షే. కాని ఉన్నట్టుండి బండి ఆపి చూపించమని నన్నెవరూ అడగలేదు.

మా మేనమామ లారీ డ్రైవరు. ఆ ప్రమాదం జరిగిన పది రోజులకి, కట్లు ఇంకా విప్పకుండానే, నన్ను లారీలో పక్కన కూర్చోబెట్టుకుని సుంకి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. పైన టీ తాగాక అన్నాడు: "ఒరే అల్లుడూ, బండి తోలడం ఏటుందిరా, ఏక్సిలేటరు తొక్కితే ఎవడైనా తోల్తాడు. ఆగాల అనుకున్నకాడ ఆగుతాదా నేదా? అది సూసుకుని ఎక్కాల." దిగేటప్పుడు చూపించాడు, ఎక్కిన గేరులోనే దిగాలని. బండిని ఇంజనే పట్టి ఉంచాలి, బ్రేకు మీద భారమంతా వెయ్యకూడదు. ఎడతెగకుండా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. పెట్రోలు ఆదా అని ఘాటులో ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో జారే మోటారు సైకిలు వీరుల్ని నేను ఇప్పటికీ చూస్తుంటాను. పది రూపాయల పెట్రోలుకి పందెం కాస్తున్నది దేన్నో!

ఇదంతా విని, "అసలు కుర్రాళ్ళకి బళ్ళు ఎందుకండీ, బస్సుల్లో పొమ్మనండి" అనే పెద్దలున్నారు, మా స్టాఫ్ రూములోనే ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. మక్కువ, పాచిపెంట మండలాల కొండ ఊళ్ళకి వచ్చి చూడండి. బస్సు పోని చోటికి మోటారు సైకిలు పోతుంది. టీచరు దాని మీదే వస్తాడు, మందులు దాని మీదే వస్తాయి. నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చే దారుల కోసమే 2018లో ఏజెన్సీ ప్రాంతాలకి మోటారు సైకిలు అంబులెన్సులు పెట్టారు. ఆ బండి తోలే కుర్రాడు కూడా ఎక్కడో ఒక సాయంత్రం నేర్చుకున్నవాడే అయి ఉంటాడు. వాడు ఏటవాలు దారిలో ఎలా ఆపుతాడన్నది వెనుక పడుకున్న తల్లికి చిన్న విషయం కాదు.

కాకపోతే వయసు రాకుండా ఇవ్వడం వేరు. 1988 నాటి చట్టం ప్రకారం గేరు బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. 2019 సవరణ తర్వాత మైనరు బండి తోలి ఆ చట్టం కింద నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ కుర్రాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. పదో తరగతి ప్యాసైనందుకు బండి బహుమతిచ్చే తండ్రులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి. ఇంకొకటి, లెర్నరు లైసెన్సు మీద ఉన్నవాడు నేర్పే మనిషిని తప్ప వెనుక ఎవర్నీ ఎక్కించుకోకూడదని నిబంధన ఉంది. ఆ మాట 1986లో నాకెవరైనా చెప్పి ఉంటే!

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. హెల్మెట్ లేక పోయినవారు 50 వేలు దాటారు. అంకెలు చదివితే ఎవరికీ ఏమీ అనిపించదని నాకు తెలుసు, అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

ఈ మధ్య మా చెల్లెలి కొడుక్కి పద్దెనిమిది నిండాయి. "మావయ్యా, బండి నేర్పవా" అన్నాడు. లెర్నరు లైసెన్సు తెచ్చుకోమన్నాను, తెచ్చుకున్నాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం ఇంజను స్టార్టు చెయ్యనివ్వలేదు. బండిని తోసుకుంటూ నడవడం, ముందు బ్రేకు మెల్లిగా పట్టడం, ఎక్కడ పట్టు దొరుకుతోందో చేతికి తెలియడం. వాడికి తల కొట్టేసినట్టయింది, స్నేహితులు చూస్తున్నారని. రెండో వారం ఫస్టు గేరులో కదలడం, ముగ్గుతో గీసిన గీత దగ్గర ఆగడం. మూడో వారం ఇరవై, ముప్ఫై వేగంలో రెండు బ్రేకులూ కలిపి ఆగడం. ఎన్నిసార్లు చేశాడో లెక్కపెట్టలేదు. రెండుసార్లు పడ్డాడు, నేల మీద, హెల్మెట్‌తో, లారీలు లేనిచోట. నాలుగో వారానికి గాని రోడ్డు ఎక్కలేదు. మూడో వారం మధ్యలో నా స్నేహితుడు దుకాణం మూసి వచ్చి, గట్టు మీద కూర్చుని కాసేపు చూశాడు. తర్వాత కుంటుకుంటూ వెళ్ళి, గీతని కాలితో చెరిపి, రెండు గజాలు ఇవతలికి మళ్ళీ గీశాడు. "ఇక్కడ ఆపు, సూద్దాం" అన్నాడు మావాడితో.

యూనియన్‌కి నా మనవి ఒకటుంది. మెస్ చార్జీల కోసం, బస్సు పాసుల కోసం మీరు కొట్లాడతారు, కొట్లాడాలి కూడా. ఏటా క్రికెట్టు టోర్నమెంటు పెడతారు, వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా తెస్తారు. జూలైలో కొత్త బ్యాచి వచ్చాక నాలుగు ఆదివారాలు ఉదయం పూట కాలేజీ గ్రౌండు అడగండి. లెర్నరు లైసెన్సు ఉన్నవాళ్ళనే రానివ్వండి, ఆడపిల్లల్ని కూడా పిలవండి. చెయ్యి తిరిగిన సీనియర్లు ఇద్దరు, ఒక మెకానిక్కు, ప్రథమ చికిత్స పెట్టె చాలు. ప్రిన్సిపాలుగారిని ఒప్పించే పూచీ నాది. మొదటి ఆదివారానికి ముగ్గు కూడా నేనే తెస్తాను. ఆ నవ్విన కుర్రాణ్ణి మాత్రం మరిచిపోకుండా తీసుకురండి.